పలువురి నష్టము, ఒక్క రాజీ

ఒకే ప్రమాదమున వందలమంది నష్టపోయినప్పుడు వారి పరిహారమును నిర్ణయింపవలసినది ఎవరు? శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారికి ఇది దూరపు ప్రశ్న కాదు.

2023 అక్టోబరు 29న విజయనగరము జిల్లా కంటకాపల్లి వద్ద పలాస, రాయగడ పాసింజరు రైళ్లు ఢీకొని పలువురు మరణించిరి. రైలు ప్రమాదములకు దారి సూటిగా ఉన్నది. మృతునికి 8 లక్షల రూపాయలని నియమమే చెప్పుచున్నది. తప్పెవరిదో నిరూపింపనక్కరలేదు; ఏడాదిలోగా రైల్వే క్లెయిముల ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకొనవలెను. ప్రమాదము జరిగిన వెంటనే చేతికిచ్చు సహాయధనము వేరు, ఈ పరిహారము వేరు. మొదటిది పుచ్చుకొన్నంత మాత్రమున రెండవది పోదు.

కర్మాగార ప్రమాదములందు ఇంత సూటిదారి లేదు. 2020 మే 7న విశాఖపట్నములోని ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీను ఆవిరి వెలువడి, వెంకటాపురము పరిసరములలో 12 మంది మరణించిరి. మృతుల కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయల చొప్పున ప్రకటించెను. సంస్థ 50 కోట్లు జమకట్టవలెనని జాతీయ హరిత ట్రిబ్యునలు మరునాడే ఆదేశించెను. మరణము వెంటనే లెక్కకు వచ్చును. విషవాయువు పీల్చి బ్రతికినవారి హాని మాత్రము ఏండ్లు గడచినగాని తేలకపోవచ్చును. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

లెక్క తేలకమునుపే రాజీపడిన ఏమగునో భోపాలు చూపినది. 1984 డిసెంబరు నాటి ఆ దుర్ఘటనలో బాధితులందరి తరఫున వ్యాజ్యము నడపు హక్కును 1985 నాటి చట్టము కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చినది. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎదుట 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. మృతులు సుమారు 3,000 మందియని అప్పటి అంచనా. తరువాత పరిహారము పొందిన మృతుల సంఖ్యయే 5,000 దాటెను. బాధితులందరును కలిసి అయిదున్నర లక్షలకు మించిరి. రాజీకి ముందు వారికి తెలిపియుండవలసినదని 1989 డిసెంబరులో ఆ న్యాయస్థానమే అభిప్రాయపడినది. అయినను రాజీ నిలిచినది. అదనపు మొత్తము కోరిన పిటిషను 2023 మార్చి 14న కొట్టివేయబడెను.

రాజీయే తగదని మేమనుటలేదు. ఏండ్లకొలది కోర్టుల చుట్టు తిరుగుట కూలిజనమునకు సాధ్యము కాదు. అయితే పలువురి పక్షమున ఒకరు నడపు దావాలో కోర్టు అనుమతిలేని రాజీ చెల్లదని సివిల్ ప్రొసీజరు కోడు 23వ ఆర్డరు, 3-బి నియమము చెప్పుచున్నది. అనుమతికి ముందు సంబంధించినవారికి నోటీసు ఇవ్వవలెననియు అందు కలదు. ముందు చెప్పుట, పిదప వినుట, ఆ తరువాతనే సంతకము: న్యాయమైన వరుస ఇది.

బ్రతుకుతెరువుకై మన పల్లెలనుండి విశాఖ కర్మాగారములకు పోవువారు అనేకులు. వారి ఇంటివారు ఆసుపత్రి చీటీలను భద్రపరచుకొనవలెను. కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు రెండు ప్రశ్నలు అడుగవలెను: ఇది సహాయమా, తుది పరిష్కారమా? రేపు జబ్బు బయటపడిన దారియేమి? సమాధానము తెలియనంతవరకు వ్రేలిముద్ర వేయరాదు.