ఆటిజం: వద్దనుకునేది ఎవరు?

మాతోబాటు ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన మిత్రులొకరు ఈ సంవత్సరాంతంలో పదవీ విరమణ చేయనున్నారు. వారి కుమారునికి ఇరవై నాలుగేళ్లు. మూడవ ఏట ఆటిజం అని నిర్ధారణ అయినది. మాటలు బహు తక్కువ. అయితే కాలనీ మీదుగా పోయే బస్సుల నెంబర్లు, వేళలు అడిగినదే తడవుగా చెప్పగలడు. క్వార్టర్ ఖాళీ చేయవలసిన రోజు దగ్గర పడుతున్నకొద్దీ తండ్రిగారిది ఒకటే మాట: "వీడికి ఇది పోయే మార్గం ఉంటే గ్రాట్యుటీ అంతా పెట్టేస్తానండీ."

ఆ మాట విని, ఎక్కడో ప్రకటనలో చూసిన స్టెమ్ సెల్ చికిత్స సంగతి వారి చెవిన వేసినది మేమే. తరువాత విచారించగా, భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం ఆటిజం వంటి వాటికి అటువంటి చికిత్సను అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా తప్ప చేయరాదని తెలిసినది. తొందరపడి నోరు జారినందుకు సిగ్గుపడినాము. డబ్బు దక్కినది గాని, ఒక సందేహం మమ్ములను వదలలేదు. ఆటిజం పోవాలని కోరుతున్నది తండ్రి. కుమారుని కోరిక ఏమిటి?

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించిన తరువాత, చాలాకాలం దీనిని గురించి మాట్లాడినవారు వైద్యులు, తల్లిదండ్రులే. ఆటిజం గలవారు స్వయంగా గొంతు విప్పినది ఆలస్యంగానే.

వారిలో టెంపుల్ గ్రాండిన్ పేరు ముందు చెప్పుకోవాలి. 1947లో జన్మించిన ఈమెకు సుమారు నాలుగేళ్ల వరకు మాటలు రాలేదు. తరువాత పశు విజ్ఞానంలో డాక్టరేట్ పొంది, కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు. పశువులు బెదరకుండా నడిచే దారులను, వాటిని నిలిపి ఉంచే యంత్రాలను రూపొందించినారు. డ్రాయింగ్ కాగితం మీదికి రాకముందే యంత్రాన్ని మనసులో నడిపి చూడగలరట! ముప్ఫై ఏళ్లుగా డ్రాయింగులతో కుస్తీ పడుతున్న మా వంటివారికి ఇది కొంత అసూయ కలిగించే విషయమే. చిటికెలో ఆటిజం మాయమయ్యే పక్షంలోనూ తాను అందుకు ఒప్పుకోనని, అది పోతే తాను తానుగా మిగలనని ఆమె చెప్పినారు.

అయితే ఆమె జీవితంలోనే మరొక అంశం ఉన్నది. బడి గంట మోగితే ఆమెకు చెవులలో భరించలేని బాధ. అకారణమైన భయాందోళనలు ఏళ్ల తరబడి పీడించగా, 1980ల ఆరంభం నుండి వాటికి మందు వాడుతున్నారు. అంటే తన ఆలోచనా రీతిని వదులుకోలేదు. భయాన్ని మాత్రం వదిలించుకోజూసినారు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టలేదు.

1993లో టొరంటోలో జరిగిన సదస్సులో, ఆటిజం గల జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రులనే ఉద్దేశించి మాట్లాడినారు. ఆటిజం మనిషి నుండి విడదీయగల తొడుగు కాదనీ, అది లేని బిడ్డను కోరడమంటే ఈ బిడ్డకు బదులు వేరొక బిడ్డను కోరడమేననీ వారి వాదన. తల్లిదండ్రుల దుఃఖాన్ని వారు కాదనలేదు. కాని ఆ దుఃఖం ఊహించుకున్న బిడ్డ కోసమే తప్ప ఎదుట ఉన్న బిడ్డ కోసం కాదన్నారు.

అందరూ ఇదే అంటారనుకుంటే పొరపాటు. ఆటిజం వలన ఉద్యోగము, స్నేహము, సంసారము దక్కలేదని, మందు దొరికితే తప్పక తీసుకుంటానని జోనథన్ మిచెల్ అనే అమెరికన్ రచయిత పలుమార్లు వ్రాసినారు. ఇక మాటలు లేక, తలను గోడకు బాదుకునే బిడ్డల సంగతి? ఆ తల్లుల ముందు సింక్లెయిర్ వాదన వినిపించే ధైర్యం మాకు లేదు.

మా వృత్తి పరిభాషలో చెప్పాలంటే, ప్రతి రోటార్‌కు ఒక క్రిటికల్ స్పీడ్ ఉంటుంది. అది లోపం కాదు, దాని స్వభావం. ఆ వేగం వద్ద ఆగకుండా దాటించడం ఆపరేటర్ బాధ్యత. బేరింగ్ అరిగితే మాత్రం అది లోపమే, మార్చవలసినదే. ఏది ఏదో తేల్చుకోకుండా యంత్రాన్ని విప్పేవారిని ఏమంటామో పాఠకులకు తెలుసు.

ఈ సందర్భంలో ఉద్యోగుల కుటుంబాలు తెలుసుకోదగినవి కొన్ని ఉన్నవి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రస్తావనే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దానిని చేర్చినది. ఆ ట్రస్టు వారి నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కలదు. యుక్తవయస్కులకు చట్టబద్ధ సంరక్షకుని నియమించుకునే వీలున్నది. 2016 చట్టం ప్రకారం మన వంటి ప్రభుత్వ రంగ సంస్థల నియామకాలలో నాలుగు శాతం రిజర్వేషన్ ఉండగా, అందులో ఒక శాతంలో ఆటిజం గలవారికీ భాగమున్నది.

మిత్రులు గత నెలలో కుమారుని అడిగినారు. నోటితో కాదు, కాగితం మీద రెండు గడులు గీసి, "వద్దు", "కావాలి" అని వ్రాసి, పెన్ను చేతికిచ్చినారు. గంటసేపటికి "వద్దు" గడిలో కుక్కర్, హారన్, పెళ్లిళ్లు చేరినవి. "కావాలి" గడిలో నాలుగు బస్సు నెంబర్లు, అమ్మ.

ఇప్పుడు వారు వెదుకుతున్నది వైద్యుని కాదు, ఇంటిని. మెయిన్ రోడ్డుకు కాస్త ఎడంగా, ఆ బస్సులు కనబడే కిటికీ గల అద్దె ఇల్లు. ఎవరి దృష్టికైనా వస్తే మాకు తెలియజేయగోరుచున్నాము.