ఆకుపచ్చ కనిపించని సినిమా

జర్మన్లు వదిలిన వీ-1 బాంబు చప్పుడు వినబడుతున్నంతసేపూ కింద ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ చప్పుడు ఠక్కున ఆగితేనే గుండె జారిపోయేది. ఇంజను ఆగిందంటే బాంబు కిందికి దిగుతోందన్నమాట. లండన్ మీద ఇవి పడడం 1944 జూన్‌లో మొదలైంది. ఆ నిశ్శబ్దాన్ని ఇంకా మరిచిపోని జనం కోసం 1946లో సిడ్నీ గిలియట్ తీసిన హత్యాకథ ‘గ్రీన్ ఫర్ డేంజర్’. బ్రిటిష్ నోయర్ అనగానే చీకటి సందులూ తడిసిన రోడ్లూ గుర్తొస్తాయి. ఇందులో హత్య జరిగేది మాత్రం ఆపరేషన్ థియేటర్‌లో, కళ్లు చెదిరే దీపాల కింద, అందరూ చూస్తుండగా.

చనిపోయేది హిగ్గిన్స్ అనే పోస్ట్‌మాన్. బాంబు దాడిలో గాయపడి పల్లెటూరి ఆసుపత్రికి వస్తాడు. భయపడాల్సిన ఆపరేషనేమీ కాదు. అయినా మత్తులోనే ప్రాణం పోతుంది. మత్తు డాక్టర్ బార్న్స్ చేతిలో అంతకుముందే ఒక రోగి పోయి ఉన్నాడు కాబట్టి అందరి చూపూ అతని మీదే.

హత్య ఎలా జరిగిందో ఇక్కడ చెబుతాను, ఎవరు చేశారో చెప్పను. మత్తు యంత్రానికి వాయువుల సిలిండర్లు తగిలించి ఉంటాయి. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఆక్సిజన్ సిలిండర్‌కి నలుపు రంగు, మెడ దగ్గర తెలుపు. కార్బన్ డయాక్సైడ్‌కి ఆకుపచ్చ. లోపలున్న వాయువు కంటికి కనబడదు కనుక డాక్టరైనా నర్సైనా నమ్మేది పైనున్న రంగునే. ఆకుపచ్చ సిలిండర్ మీద నలుపూ తెలుపూ పూస్తే చాలు. రోగి నీలంగా మారుతుంటే ఏ మత్తు డాక్టరైనా చేసే మొదటి పని ఆక్సిజన్ పెంచడం. ఇక్కడ పెంచినకొద్దీ లోపలికి వెళ్లేది విషమే. కాపాడాలని తిప్పిన చెయ్యే చంపుతుంది. నేను చూసిన హత్యాకథల్లో ఇంత క్రూరమైన పథకం ఇంకోటి లేదు.

ఈ ఊహ క్రిస్టియానా బ్రాండ్‌ది. ఆమె భర్త సర్జన్. 1944లో వచ్చిన ఆమె నవలలో అది సైనిక ఆసుపత్రి. సినిమాలో మామూలు జనం ఆసుపత్రి అయింది. సినిమా నలుపు తెలుపుల్లో తీసింది కనుక పేరులో ఉన్న ఆకుపచ్చ తెర మీద బూడిద రంగే. రంగు గుట్టు మన కళ్లకి దొరకదు, పాత్రల నోటి నుంచి వినాల్సిందే. రంగుల్లో తీసి ఉంటే ఈ కథ సగం బలం కోల్పోయేదని నా నమ్మకం.

ఆస్పత్రి డాన్సులో సిస్టర్ బేట్స్ అందరి ముందూ అనేస్తుంది: అది హత్యే, రుజువు నా దగ్గరుంది. అని ఒంటరిగా చీకట్లోకి పరుగెడుతుంది. గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి. థియేటర్‌లో దీపం లేదు. మూల నుంచి ఆపరేషన్ గౌను, ముసుగు వేసుకున్న ఆకారం ఒకటి కదులుతుంది. పగలంతా ధైర్యమిచ్చిన బట్టలే అవి. ముఖం లేని ఆ తెల్లటి ఆకారాన్ని చూశాక ఆసుపత్రి ముసుగుని మళ్లీ మామూలుగా చూడలేం.

ఇన్‌స్పెక్టర్ కాక్రిల్‌గా అలస్టర్ సిమ్ వచ్చేది ఆ తర్వాతే. బాంబు చప్పుడు వినబడగానే దాక్కునే చోటు వెతుక్కునే మనిషి. అనుమానితుల్ని ఎగదోసి తమాషా చూస్తాడు. ఆ సరదాకి మనం నవ్వుతాం కానీ దర్శకుడు అతన్ని క్షమించడు. చివర్లో అతని పొరపాటు వల్ల పోకూడని ప్రాణం ఒకటి పోతుంది. సినిమా పొడుగునా మనం వింటున్నది పై అధికారికి అతను రాసిన నివేదిక. దాని ఆఖర్న తన రాజీనామా కూడా జతచేస్తాడు.

దానికి ముందు రెండో ఆపరేషన్ ఉంది. అదే బల్ల, అదే యంత్రం, అవే ముసుగులు. ఈసారి బల్ల మీద ఉన్నది ఆ ఆసుపత్రి నర్సే. హంతకుడు బయటపడాలంటే మత్తు ఇవ్వడం ఆపకూడదని కాక్రిల్ నిలబడి చూస్తుంటాడు. ఊపిరి తేడా పడుతుంది. బార్న్స్ చెయ్యి ఆక్సిజన్ వైపు వెళ్తుంది.