సాదుకున్న బిడ్డ రొట్టెలు ఎందుకు దాస్తుంది?

మా పాప ఇంటికొచ్చిన కొత్తలో దిండు గలేబు దులిపితే జొన్నరొట్టె ముక్కలు రాలేవి. బీరువా కింద, బడి సంచిలో, పత్తి బస్తాల సందున కూడా అవే, బూజు పట్టి. అడిగినంత పెట్టే ఇంట్లో ఐదేళ్ల పిల్ల తిండి ఎందుకు దాస్తుందో మా అత్తమ్మకు అంతుపట్టలేదు. "ఎవరి రక్తమో ఏమో, దొంగబుద్ధి యాడికి పోతది?" అన్నారు వాడకట్టులో. గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమన్నవాళ్లూ ఉన్నారు. ఆ పిల్లను కదిలించింది భయం. మళ్లీ పూట గడవదేమోనన్న భయం. పిల్లల్ని సాదుకునే ప్రతి ఇంటికీ ఈ సంగతి ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

మాది లక్కడ్‌కోట్. ఆసిఫాబాద్ నుంచి వాంకిడి మీదుగా రాజురా వెళ్లే రోడ్డు మీద, తెలంగాణ సరిహద్దును ఆనుకుని మహారాష్ట్ర వైపు ఉన్న ఊరు. నిజాం కాలంలో ఈ రాజురా ప్రాంతం ఆదిలాబాద్ జిల్లాలోదే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతకు పోతే గోండీ కూడా వినబడుతుంది. పాప మాత్రం మరాఠీ తప్ప ఇంకోటి తెలియని శిశుగృహం నుంచి వచ్చింది. అక్కడ ఆయాలను మావ్‌శీ అంటారు. పగలొక మావ్‌శీ, రాత్రొక మావ్‌శీ, నెల తిరక్కుండానే పని మానేసి పోయినవాళ్లు ఇంకొందరు. నన్నూ చాలాకాలం మావ్‌శీ అనే పిలిచింది. ఎవరైనా ఏదో ఒకనాడు వెళ్లిపోయేవాళ్లేనని ఆ చిన్నబుర్రకు అప్పటికే తెలుసు. (ఆమె పేరు ఇక్కడ రాయను. ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది.)

రొట్టెల కంటే నన్ను ఎక్కువ బెదరగొట్టింది రోడ్డు. చెట్టు కింద లారీ ఆగితే చాలు, పోయి డ్రైవర్ చెయ్యి పట్టుకునేది. "మంచి కలివిడి పిల్ల" అని మెచ్చుకునేవారు చూసినవాళ్లు. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా ఏడ్చేది కాదు, నా దగ్గరికి వచ్చేది కాదు. తల్లి చేతుల్లో పెరిగిన బిడ్డ కొత్తవాళ్లను చూసి జంకుతుంది, దెబ్బ తగిలితే అమ్మ దగ్గరికి ఉరుకుతుంది. మా పాపకు ఈ రెండూ తలకిందులుగా ఉన్నాయి. చంద్రపూర్‌లో పిల్లల మనసు చూసే డాక్టరమ్మ నా మాటలన్నీ విని, మొదట రాసుకున్నవి ఈ రెండే. రొట్టెల సంగతి తర్వాత.

పిల్లల్లో ఇలాంటి తీరును వైద్యశాస్త్రం కొత్తగా కనిపెట్టలేదు. తల్లి ఎడబాటు పసివాళ్ల మనసును ఎంత దెబ్బతీస్తుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ 1951లోనే నివేదిక రాశాడు. రుమేనియాలో చౌషెస్కూ ప్రభుత్వం కూలాక అక్కడి అనాథాశ్రమాలు కిక్కిరిసిన సంగతి లోకానికి తెలిసింది. 2000 ప్రాంతంలో అమెరికా పరిశోధకులు బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలను ఎంచుకుని, సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చి, మిగతావారి పెరుగుదలతో ఏళ్ల తరబడి పోల్చి చూశారు. కుటుంబాల్లో పెరిగినవారు మెరుగయ్యారు. రెండేళ్లలోపే ఇల్లు దొరికినవారు మరీ బాగా కోలుకున్నారు. ఇది విని నా గుండె జారింది, మా పాప వచ్చింది ఐదేళ్లకు కదా. "ఆలస్యమైతే కష్టం పెరుగుతుంది, దారి మూసుకుపోదు" అంది డాక్టరమ్మ. ఆ మాట పట్టుకునే ఇంతదూరం వచ్చాం.

ఆమె పెద్ద మందులేవీ రాయలేదు. తిండి ఎప్పుడూ పిల్లకు అందేచోట పెట్టమంది. మురుకులు, పేలాలు పోసిన డబ్బా ఒకటి కింది అరలో పెట్టి "ఇది నీది, అడగక్కర్లేదు" అని చెప్పాం. మొదట్లో పొద్దుటికల్లా ఖాళీ అయ్యేది, మేం మాట అనకుండా నింపేవాళ్లం. నిద్రలేపడం, నీళ్లు పోయడం, తల దువ్వడం, అన్నం పెట్టడం రోజూ అదే వేళకు, నా చేతుల మీదుగానే. ఏడేళ్ల పిల్ల పసిపాపలా ముద్దలు కలిపి పెట్టమంటే అత్తమ్మ విసుక్కున్నారు. పెట్టనివ్వమంది డాక్టరమ్మ, అప్పుడు అందని ముద్దలే ఇప్పుడు అడుగుతోందట. చుట్టాలొచ్చిన రోజు గిన్నెలు విసిరేది. ఎవరొచ్చినా తనను తీసుకుపోవడానికే అనుకునేదని ఆలస్యంగా అర్థమైంది. అప్పటినుంచి ఎవరు వస్తున్నారో, ఎప్పుడు పోతారో, పాప ఎక్కడికీ పోదని ముందురోజే చెప్పేవాళ్లం.

ఇంట్లో ఒక్క మాట మాత్రం నిషేధం: "మాట వినకపోతే ఆడికే పంపుతా." కన్నపిల్లలకు అది ఉత్త బెదిరింపు. వీళ్లకు అది జరిగిపోయిన సంగతి. నిజంగానే పిల్లల్ని వాపసు ఇచ్చే కుటుంబాలు దేశంలో ఉన్నాయి, పెద్దపిల్లల విషయంలో ఇది ఎక్కువ. వాళ్లందరినీ కఠినులని నేను అనను. పిల్ల ఎందుకలా చేస్తుందో ఎవరూ చెప్పక, రాత్రుళ్లు నిద్రలేక, ఊరి మాటలు పడలేక ఓడిపోయినవాళ్లే చాలామంది అయి ఉంటారు. పిల్ల పోగొట్టుకునేది మాత్రం రెండో ఇల్లు.

దత్తత ఉత్తర్వు రాకముందు బిడ్డను పెంపకానికి ఇస్తారు. ఉత్తర్వు ఒకప్పుడు కోర్టు ఇచ్చేది, 2022 నుంచి జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు. ఆరునెలలకోసారి చొప్పున రెండేళ్లు అధికారులు వచ్చి చూడాలని నిబంధన. సర్దుబాటు కుదరకపోతే కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలనీ ఉంది. నా లెక్కలో రెండేళ్లు చాలవు. కొందరు పిల్లలు మొదట్లో అతి బుద్ధిమంతులుగా ఉంటారు. ఈ ఇల్లు తనదేనని కాస్త నమ్మకం కుదిరాకే కోపం బయటికి తీస్తారు. పైగా 2024 మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన బిడ్డను ఫోస్టర్ కేర్‌లో (దత్తత కాని తాత్కాలిక పెంపకంలో) సాదుతున్నవారు రెండేళ్లకే దత్తత అడగవచ్చు, ఇదివరకు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. మంచి మార్పే. కానీ ఎన్నో జ్ఞాపకాలు మోసుకొచ్చే పెద్దపిల్లలు ఇక మరిన్ని ఇళ్లకు వస్తారు. వాళ్లకు తోడుగా మానసిక వైద్యం తాలూకా ఆసుపత్రి దాకా రావాలి.

మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే శిశుగృహం నుంచి పిల్ల వివరాల నివేదిక, వైద్య నివేదిక అడిగి తీసుకోండి. తాయెత్తు కంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు. పిల్లకు ఆపద అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. వాపసు ఇవ్వాలన్న ఆలోచన వచ్చిన రాత్రే ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగకండి.