చాప పరిచేంత చోటు చాలు!

డిసెంబరు నెలాఖరు. ఎముకలు కొరికే చలి. కాలింగ్‌బెల్ మోగుతుంది. తలుపు తీస్తే... వీపున పెద్ద సంచులతో ఇద్దరు కుర్రాళ్లు. ఊరు వేరు, భాష వేరు. అయినా ఇంటివాళ్లు నవ్వుతూ లోపలికి పిలుస్తారు. ఆ నాలుగైదు రోజులూ వాళ్లు ఆ ఇంటి పిల్లలే!

దాదాపు ఏటా ఏదో ఒక ఐరోపా నగరంలో కనిపించే దృశ్యమిది. ఫ్రాన్స్‌లోని తేజే అనే చిన్న పల్లెలో ఉండే క్రైస్తవ సన్యాసులు 1978 నుంచీ ఈ యువజన సమావేశాలు జరుపుతున్నారు. వేలల్లో వచ్చేవారికి హోటళ్లు బుక్ చేయరు. స్థానిక చర్చిల ద్వారా ఇళ్లు వెతుకుతారు. మంచం అక్కర్లేదు... ఒక్కొక్కరికి రెండు చదరపు మీటర్ల నేల, పొద్దున ఇంత టిఫిను చాలు. పరుపు, దుప్పటి అతిథులే తెచ్చుకుంటారు. పగలంతా ప్రార్థనలు, చర్చలు. జనవరి 1న మాత్రం ఇంటివాళ్లతో కలిసి భోంచేస్తారు.

దీని వెనక ఓ కథ ఉంది. 1940లో, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పాతికేళ్ల రోజర్ స్విట్జర్లాండ్ నుంచి తేజే వచ్చి ఓ ఇల్లు కొన్నారు. ప్రాణభయంతో పారిపోయి వచ్చేవారిని అందులో దాచారు. వాళ్లలో యూదులూ ఉన్నారు. సంగతి బయటపడటంతో 1942లో ఆయనకు తేజేకి దూరంగా ఉండక తప్పలేదు. 1944లో తిరిగొచ్చాక... దగ్గర్లోని శిబిరాల్లో ఉన్న జర్మన్ యుద్ధఖైదీలనూ ఆదరించారు. నిన్నటి శత్రువుకీ ఆ గుమ్మం తెరుచుకుందన్నమాట!

1989 నవంబరులో బెర్లిన్ గోడ కూలింది. కొన్ని వారాలకే పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో సమావేశం. కొట్లలో సరుకులకే కటకట. అయినా అక్కడివాళ్లు తలుపులు మూసుకోలేదు. అన్నాళ్లూ సరిహద్దులకు అటూ ఇటూ ఉండిపోయిన కుర్రకారు ఒకే కప్పు కింద పడుకుంది.

మన పొరుగునున్న మద్రాసులోనూ 1985, 1988 సంవత్సరాల చివర్లో ఇలాంటి సమావేశాలు జరిగాయి.

2005లో బ్రదర్ రోజర్ హత్యకు గురయ్యారు. కానీ ఆ ఆనవాయితీ ఆగలేదు. 2019లో వ్రోత్స్వాఫ్ మళ్లీ తలుపులు తీసింది. ముక్కూమొహం తెలియనివారికి తాళంచెవి చేతికివ్వాలంటే ఇల్లు పెద్దదవ్వాల్సిన పనిలేదు. కాస్త నమ్మకం ఉండాలి... అంతే!