బేతాళుని ప్రశ్న

దసరా సెలవులకు మేము పిల్లలతో ఆదోని నుండి ఆలూరు మీదుగా మా పుట్టినిల్లగు చిప్పగిరికి పోయితిమి. వేరుసెనగ పీకు దినములగుటచే ఇంటివారందఱును చేనికి పోవుచుండిరి. వంటపని మా పాలబడెను. పిల్లలు అడ్డు రాకుండుటకై మేమే టెలివిజను పెట్టి దాని ముందు వారిని కూర్చుండబెట్టితిమి. ఈ తప్పు మాదే కాని పెట్టెది కాదు.

1755లో ఈ చిప్పగిరిలోనే దేహము చాలించిన విజయదాసులవారి కన్నడ పదములను మా తల్లిగారు పుస్తకము చూడకయే పాడుదురు. వారు వానిని వినియే నేర్చిరి. రెండేండ్లుగా వారికి చూపు సన్నగిల్లినది. ఆ సాయంకాలము మా తొమ్మిదేండ్ల కూతురును "బేతాళుని కథ చెప్తాను, రా బిడ్డా" అని రెండుమాఱులు పిలిచిరి.

"ఉండవ్వా, ఈడ బేతాళుడే వచ్చినాడు!" అని పిల్ల కదలలేదు. వారు మాఱుమాటాడక గోడవైపునకు తిరిగి పండుకొనిరి. పెనముపై మా జొన్నరొట్టె మాడిపోయెను.

బేతాళుడు తెరకు కొత్తవాడు కాడు. పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములో అతని యిరువదియైదు కథలు కలవు. 1947 జూలైలో మద్రాసున పుట్టిన చందమామ అతనిని దశాబ్దములపాటు తెలుగు పిల్లలకు చూపినది. ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. 1985లో దూరదర్శన్ అతనిని హిందీలో తెరకెక్కించెను. 1987 జనవరి 25వ తేదీన రామాయణ ధారావాహికము మొదలైన పిదప, ఆదివారపు ఉదయమున టెలివిజను గల యిల్లు ఇరుగుపొరుగువారితో నిండెడిది. కనుక టెలివిజను కథలకు శత్రువని మేమనము.

అయినను ఒక్క భేదము కలదు. బేతాళుడు కథ ముగించి ఊరకుండడు, ప్రశ్న వేయును. ఉత్తరము తెలిసియు చెప్పకున్నచో రాజు తల వ్రక్కలగును. తెరపైనను ఆ ప్రశ్న కలదు. కాని ఉత్తరము రాజే చెప్పివేయును, వెంటనే సబ్బు ప్రకటన వచ్చును. చూచుచున్న పిల్లను అడుగువారు లేరు. అద్భుత కథలను వ్రాసి లోకప్రసిద్ధుడైన ఆంగ్ల రచయిత టోల్కీన్, 1947లో అచ్చయిన తన వ్యాసమున, బొమ్మ ఒక్క రూపమునే చూపుననియు, మాటయైనచో విన్న ప్రతివాడును తన చెట్టును తన కొండను తానే కల్పించుకొనుననియు తెలిపెను.

మఱునాడు పిల్ల మరల టెలివిజను ముందు కూర్చుండెను. ఈ మాఱు మా తల్లిగారు పిలువలేదు. తడుముకొనుచు వచ్చి ప్రక్కనే కూర్చుండిరి.

"నాకు కనబడదు గదా, నువ్వే చెప్పు. చెట్టు ఎంతది?"

"పెద్దది."

"ఎంత పెద్దది? మన చింతమానంతనా? రాజుకు భయమేస్తోందా? నీకెట్ల తెలిసె?"

పిల్ల మొదట విసుగుకొనెను. కొంతసేపటికి తెరవైపు చూచుట తగ్గి, అవ్వవైపు చూచుట హెచ్చెను. తుదకు, "ఉండవ్వా, నేనే చెప్తా" అని లేచి పెట్టెను ఆపివేసెను. బేతాళుడు మా ఊరి కొండ దిగి, మా చేని గట్టుమీదుగా నడచి వచ్చెను! తెరపై అట్టి కొండ లేదు.

వ్యాసుని వరమున దివ్యదృష్టి గాంచిన సంజయుడు తాను చూచినది చెప్పగా, చూపులేని ధృతరాష్ట్రుడు అడుగుచు వినెను. కురుక్షేత్ర వృత్తాంతము మనకట్లు దక్కినది. దూరమున నున్నది చూచుట ఒక్కటే సంజయుని గొప్ప కాదు. చూచినదానిని అడిగినవారికి చెప్పుట అతని గొప్ప. మన పిల్లలకు దూరదృష్టి యిచ్చు పెట్టె ఇంటింటను కలదు. అడుగువారే కఱవైనారు.

ఆ రాత్రి మా తల్లిగారు కథ చెప్పి ప్రశ్న వేసిరి. పిల్ల చెప్పిన ఉత్తరము కథలోనిది కాదు. "మా అవ్వ వేఱే చెప్తాండె. నీది గూడ బాగుంది" అని వారు నవ్విరి. ఎన్నో దినములకు వారి నవ్వు వింటిమి.

సోదరీమణులారా! టెలివిజను తీసివేయ నక్కఱలేదు. కథ ముగిసినంతనే దాని నాపి, పిల్లను ఒక్క ప్రశ్న అడుగుడు. ఉత్తరము వచ్చువఱకు పెనము దింపి ప్రక్కన కూర్చుండుడు. రొట్టె కొంత ఆలస్యమైనను నష్టము లేదు.