జనవరి బిడ్డ, డిసెంబరు బిడ్డ: ఇద్దరికీ ఒకే కొలత సరిపోతుందా?

జక్రాన్‌పల్లి మండలంలోని ఏదో ఒక బడిలో, ఒకే తరగతిలో చదివే ఇద్దరు పిల్లలను ఊహించుకోండి. ఒకడు జనవరి మొదటి వారంలో పుట్టాడు. రెండోవాడు అదే సంవత్సరం డిసెంబరు చివరి వారంలో పుట్టాడు. కాగితం మీద ఇద్దరిదీ ఒకే సంవత్సరం కాబట్టి ఈత పోటీకి వెళ్తే ఇద్దరూ ఒకే గ్రూపులో దిగుతారు. మొదటివాడు ముందుగా గోడ తాకుతాడు. "వీడిలో టాలెంట్ ఉంది" అంటారు చూసినవాళ్లు. రెండోవాణ్ణి చూసి "వీడి వల్ల కాదులే" అంటారు. ప్రియ పాఠకులారా, ఆ రెండు మాటల్లో టాలెంట్ ఎంత ఉందో, క్యాలెండరు ఎంత ఉందో ఈ వారం కాస్త ఆలోచిద్దాం.

లెక్క చాలా సులువు. మొదటివాడికి పదేళ్లు నిండిన రోజున అతని వయసు 120 నెలలు. రెండోవాడి వయసు దాదాపు 108 నెలలే. అంటే పెద్దవాడు బ్రతికిన కాలంలో పదో వంతు చిన్నవాడు ఇంకా బ్రతకనే లేదు. ఎదగడానికి, తినడానికి, నేర్చుకోవడానికి ఒక పూర్తి సంవత్సరం తక్కువ. అదే ఇద్దరూ పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చేసరికి ఆ తేడా పద్దెనిమిదో వంతుకు తగ్గిపోతుంది. అప్పటికి ఇద్దరి ఎదుగుదలా చాలావరకు పూర్తవుతుంది.

బోధన్ వైపు చెరుకు వేసే రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. పన్నెండు నెలలు నిండిన తోటనూ, పది నెలల తోటనూ ఒకే రోజు నరికి, రసంలో చక్కెర శాతం చూసి, "ఈ రెండో రకం పనికిరాదు" అని ఏ రైతూ తేల్చడు. "ఇంకా పక్వానికి రాలేదు" అంటాడు. పైరుకు ఇచ్చే ఆ అవకాశం మనం పిల్లలకు ఇవ్వడం లేదు.

ఈ విషయాన్ని లోకం ముందు పెట్టింది కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ. ఐస్ హాకీ ఆటగాళ్ల వివరాల్లో పుట్టిన నెలలను గమనిస్తే, జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవారు చాలా ఎక్కువగా, సంవత్సరం చివరిలో పుట్టినవారు చాలా తక్కువగా కనిపించారు. అక్కడ వయసు లెక్కించే తేదీ జనవరి 1. ఆయన బృందం 1985లో దీన్ని ప్రచురించింది. సాపేక్ష వయసు ప్రభావం అని దీనికి పేరు. ఆ తరువాత ఫుట్‌బాల్ వంటి అనేక ఆటల్లో, అనేక దేశాల్లో ఇదే కనిపించింది. జనవరి నెలలో మహిమ ఏమీ లేదు. వయసు లెక్కించే తేదీ సెప్టెంబరు 1 అయితే సెప్టెంబరులో పుట్టినవారికే మేలు జరుగుతుంది.

ఈతలో ఈ ప్రభావం ఎందుకు గట్టిగా ఉంటుంది? పొడుగైన శరీరం, పొడుగు చేతులు, వెడల్పైన అరచేతులు, పెద్ద పాదాలు, బలమైన భుజాలు నీటిని వెనక్కు నెట్టడానికి ఉపయోగపడతాయి. ఇవన్నీ వయసుతో వచ్చేవే. పైగా ఈతలో గెలుపు ఓటములు సెకనులో వందో వంతు తేడాతో తేలిపోతాయి. ఆడపిల్లలు సుమారు పన్నెండేళ్లకు, మగపిల్లలు సుమారు పద్నాలుగేళ్లకు ఒక్కసారిగా ఎత్తు పెరుగుతారు. ఆ సమయంలో కొన్ని నెలల తేడా కూడా చాలా పెద్దది.

బాక్సింగ్‌తో పోల్చి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌గా, 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచింది. బాక్సింగ్‌లో వయసుతో పాటు బరువును బట్టి కూడా విభాగాలు ఉంటాయి. నలభై ఎనిమిది కిలోల అమ్మాయిని అరవై కిలోల అమ్మాయితో తలపడమని ఎవరూ అనరు. ఈత కొలనులో అలాంటి ఏర్పాటు లేదు. మన దేశంలో సబ్ జూనియర్, జూనియర్ ఈత పోటీల్లో గ్రూపులను వయసును బట్టే చేస్తారు. వరల్డ్ ఆక్వాటిక్స్ పోటీల్లోనూ ఆ సంవత్సరం డిసెంబరు 31 నాటి వయసే ప్రమాణం.

ఆస్ట్రేలియాలో స్టీఫెన్ కోబ్లీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు జాతీయ స్థాయి బాల ఈతగాళ్ల మీద చేసిన అధ్యయనంలో రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, పన్నెండు, పదమూడు, పద్నాలుగేళ్ల గ్రూపుల్లో సంవత్సరం మొదట్లో పుట్టినవారిదే పైచేయి. రెండోది మరింత ముఖ్యం. వయసు పెరిగే కొద్దీ ఆ ఆధిక్యం కరిగిపోయింది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల దగ్గర సంవత్సరం చివర్లో పుట్టినవారే కొంత ముందుకు వచ్చారు. చిన్నప్పుడు బలంతో గెలవలేని పిల్లలు ఒడుపు మీద, ఓపిక మీద ఆధారపడి నేర్చుకుంటారు, ఎదుగుదల వచ్చాక ఆ నేర్పు అక్కరకు వస్తుంది అన్నది దీనికి చెప్పే ఒక కారణం. అయితే అది అప్పటిదాకా నీటిలో మిగిలి ఉన్నవారికే. మధ్యలో మానేసినవారి పేర్లు ఏ పట్టికలోనూ ఉండవు. అసలు నష్టం అక్కడే ఉంది.

ఇంగ్లండుకు చెందిన ఆడమ్ పీటీ 1994 డిసెంబరు 28న పుట్టాడు. సంవత్సరం ముగియడానికి మూడు రోజుల ముందు. 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. టోక్యోలో మళ్లీ గెలిచాడు. ఒక్క మనిషి ఉదాహరణతో నియమం తారుమారు కాదు. కాని పన్నెండేళ్ల వయసులో వచ్చిన టైమింగు చూసి డిసెంబరు బిడ్డను పక్కన పెట్టడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఈ సంగతి మన ఇళ్లదాకా రానే వస్తుంది. హకీంపేట వంటి ప్రభుత్వ క్రీడా పాఠశాలల్లో నాలుగో తరగతి ప్రవేశాలకు ఎంపికలు మండల స్థాయిలో మొదలై జిల్లా, రాష్ట్ర స్థాయికి వెళ్తాయి. పిల్లల ఎత్తు, బరువు కొలుస్తారు. పరుగు పెట్టిస్తారు, దూకిస్తారు, మెడిసిన్ బాల్ విసిరిస్తారు. సుమారు ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు ఇవి పరీక్షలు. ఆ వయసులో పది నెలల తేడా ఎంతో మీకు ఇప్పుడు తెలుసు. పేద కుటుంబానికి ఆ సీటు అంటే చదువు, భోజనం, శిక్షణ అన్నీ ఒకేసారి దొరకడం. అందుకే ఇది ఆటల ముచ్చట మాత్రమే కాదు.

ఇక్కడ మరొక మాట సూటిగా చెప్పుకోవాలి. ఒకప్పుడు మన ఊళ్లలో బడిలో వేసేటప్పుడు ప్రవేశానికి సరిపడేలా జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ రాయించడం మామూలే. చాలామంది పెద్దలకు బడి పుట్టినరోజు ఒకటి, అసలు పుట్టినరోజు మరొకటి. అది తెలియక జరిగింది. కాని పోటీలో గెలవాలని తెలిసి తెలిసి తేదీ మార్పించడం వేరు. అది పక్క లేన్‌లోని చిన్నబిడ్డ నుంచి దొంగిలించడమే. కేంద్ర ప్రభుత్వం 2010లోనే క్రీడల్లో వయసు మోసాలకు వ్యతిరేకంగా నియమావళి తెచ్చింది. ఎముకల ఎక్స్‌రేతో వయసు అంచనా వేసే పరీక్షలూ ఉన్నాయి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టే పిల్లలకు బడి ప్రవేశం వంటి వాటికి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. నిజమైన తేదీతో వచ్చే చిన్న నష్టాన్ని ఓపికతో దాటవచ్చు. అబద్ధపు తేదీ జీవితమంతా వెంట వస్తుంది.

మరి మనం ఏం చేయవచ్చు? తల్లిదండ్రులారా, మీ బిడ్డ టైమింగును పక్కవాడితో కాక, ఆరు నెలల క్రితం తన టైమింగుతోనే పోల్చండి. కోచ్‌లు పిల్లల జాబితాలో పేరు పక్కన పుట్టిన నెల రాసుకుంటే చాలు, చూపు మారుతుంది. వయసును బట్టి టైమింగును సరిచేసి చూసే పద్ధతిని కోబ్లీ బృందం తయారుచేసి పరీక్షించింది కూడా. సండే స్కూలు ఆటల పోటీలు, సెలవుల బైబిలు పాఠశాల పోటీలు జరిపే మన సంఘాలకు ఇది మరీ సులువు. జనవరి నుంచి జూన్ వరకు ఒక గుంపు, జూలై నుంచి డిసెంబరు వరకు మరొక గుంపుగా పిల్లలను విడదీయండి. బహుమతుల ఖర్చు కాస్త పెరుగుతుంది, అంతే.

ముందుగా గెలిచిన జనవరి బిడ్డను తక్కువ చేయమని కాదు. అతని శ్రమ నిజమే. కాకపోతే పదమూడేళ్లకు వచ్చిన పతకాలను చూసి అతని మీద మోయలేని ఆశలు పెట్టకండి. మిగతావాళ్లు ఎదిగి పక్కకు వచ్చిన రోజున ఆ బిడ్డ కూడా కుంగిపోగలడు. వెనుకబడిన బిడ్డకు మాత్రం ఒక్క మాట చెప్పండి: "నువ్వు చేతకానివాడివి కావు, నీకు ఇంకా సమయం ఉంది." ఆ మాట విన్న బిడ్డ మరుసటి రోజు మళ్లీ నీటిలోకి దిగుతాడు.