ఒక పడుగు తెమలిన పిమ్మటనే రెండవది

నూలు ధర పెరిగినదనీ, మరమగ్గాల పోటీ హెచ్చినదనీ మనమందరమూ చెప్పుకొనుచుందుము. అవి నిజమే. అయితే ఆ రెండూ మన చేతిలో లేనివి. మన చేతిలో ఉండి కూడ మనము పోగొట్టుకొనుచున్నది ఒకటి గలదు. అది మగ్గము ఊరక నిలిచిపోవు కాలము. దానిని గురించి, నా తప్పును దాచకుండ, నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మాది తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు నేతవారి సహకార సంఘము. నిరుడు దీపావళికి మాకు నాలుగు ఆర్డర్లు వచ్చినవి. నాలుగింటికీ ఒకే గడువు. కాదనుటకు నోరు రాక, కార్యదర్శినైన నేను అన్నిటికీ ఒప్పుకొన్నాను. ఉన్న నూలు నాలుగు భాగాలు చేసితిమి. ఏ వ్యాపారి గట్టిగా అడిగితే ఆనాడు వారి పని ముందుకు వచ్చెడిది. సగము నేసిన పడుగును కోసి, వేరొక పడుగు అతికించిన రోజులు కూడ ఉన్నవి. పండుగ పది రోజులున్నదనగా చూచుకొంటే నాలుగు ఆర్డర్లూ సగము సగముననే ఉన్నవి. సరుకు చేరనిదే సొమ్ము రాదు గదా! కూలి పూర్తిగా ఇవ్వలేకపోతిమి. పండుగ వెళ్లిన తరువాత ఒక ఇంటి కుర్రవాడు మగ్గము దిగి తిరుప్పూరు బనియన్ల పనికి వెళ్లిపోయినాడు. వాని తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించినది.

సర్వసభ్య సమావేశములో మా అందరికన్న పెద్దాయన లేచి, "అందరి చేతులూ ఆడినవి నాయనా, మగ్గము నుండి గుడ్డ మాత్రము దిగలేదు" అన్నారు. ఆ మాట పట్టుకొని లెక్క వేసితిని.

ఐదున్నర మీటర్ల చీర అనగా సుమారు 216 అంగుళాలు. అంగుళానికి 60 పేక పోగుల చొప్పున నాడె 12,960 సార్లు ఆడవలెను. వెడల్పు 48 అంగుళాలైనచో పేక నూలే 17,280 గజాలు పట్టును. ప్రత్తి నూలు చిలప 840 గజాలు గనుక ఇది ఇరవై చిలపలకు పైమాటే. ఇదంతయు ఎవరో ఒకరు కండెలకు చుట్టి ఇవ్వవలసినదే. కండె అందని నాడు ఎంత చురుకైన నేతగాడైనను చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే. అన్ని పనులలోను ఏది వెనుకబడునో, గుడ్డ దిగు వేగము దానినిబట్టియే యుండును.

ఇది కొత్త సంగతి కాదు. 1733లో ఇంగ్లండులో జాన్ కే ఫ్లై షటిల్‌కు పేటెంటు పొందెను. నేత వేగము హెచ్చినది, కాని నూలు వడుకువారు అందించలేకపోయిరి. 1760లలో హార్‌గ్రీవ్స్ జెన్నీ రాట్నము వంటివి పుట్టుటకు ఆ కొరతయే ఒక కారణము.

ఈ ఏడు మేము నాలుగు నియమములు పెట్టుకొన్నాము. ప్రతి సోమవారము సంఘము నల్లబల్లపై ముందు తెమలవలసిన ఆర్డరు ఒక్కటే పైన వ్రాయుదుము. నూలు, రంగు, కండెలు మొదట దానికే. ఏ మగ్గము నిలిచినదో, ఎందుకు నిలిచినదో ఆనాడే వ్రాయుదుము. ఎక్కిన పడుగును మధ్యలో కోయము. చేయలేని ఆర్డరును వచ్చిననాడే కాదందుము.

నెల తిరుగకముందే నల్లబల్ల ఒక నిజము చెప్పినది. మగ్గాలు ఎక్కువసార్లు నిలిచినది నేతగాని బద్ధకము వలన కాదు, కండెలు అందకనే. వంటకు, నీళ్లకు, పిల్లలకు నడుమ ఆడవారు చుట్టెడి కండెలను మనము పనిగానే లెక్కించలేదు. 2019-20 చేనేత గణన ప్రకారము దేశములో 35 లక్షలకు పైగా చేనేత పనివారుండగా, నూటికి డెబ్బై మందికి మించి స్త్రీలే. అందుచేత కండెల కూలి వేరుగా లెక్కకట్టి వారి చేతికే ఇచ్చుచున్నాము.

ఇంటిలోను ఇదే పద్ధతి. కంచి కోర్వై చీర నేయుటకు ఇద్దరు కావలెను. ప్రక్కన కూర్చున్నవానిని అంగడికి పంపితే నిలిచిపోవునది ఒకరి పని కాదు, ఇద్దరిది.

ఈ దీపావళికి మూడు ఆర్డర్లు రాగా రెండింటికే ఒప్పుకొన్నాము. రెండూ గడువుకు చేరినవి. కూలి పండుగకు ముందే ఇచ్చితిమి. మూడవ వ్యాపారి కోపించి వెళ్లినారు, మరల రాలేదు. ఆ నష్టము నిజమే. అయినను నలుగురికి మాట తప్పుటకన్న ఒకరికి ముందే లేదనుట మేలని తెలిసికొన్నాము.

తిరుప్పూరు వెళ్లిన కుర్రవాడు పండుగకు వచ్చి నల్లబల్ల చదివినాడు. మగ్గమెక్కుదునని అనలేదు. "ఇది నిరుడే పెట్టవలసినది, మామా" అన్నాడు. నావద్ద జవాబు లేకపోయినది.

షోలాపూరు, బరంపురం, బెంగుళూరు, యానాం సోదరులు తమ తమ సంఘములలో మగ్గాలు ఏ పని అందక నిలుచుచున్నవో ఒక్క నెల వ్రాసి చూడవలెనని ప్రార్థన. మనకు తెలిసినదనుకొన్న కారణము ఒకటి, బల్లమీద తేలునది వేరొకటి కావచ్చును.